ముసుగు తొడుక్కున్న ఫాదరుగారు



మెక్సికో దేశము వెళ్లి వచ్చాక సంఘంలో పెద్దలు మమ్మల్ని అక్కడి పంటల గురించి, సంఘముల గురించి, విమానం ఖర్చు గురించి అడిగారు. సండేస్కూలు మగపిల్లలు మాత్రం ఒకటే అడిగారు: “అయ్యగారూ, రే మిస్టీరియోను చూశారా?”

టీవీలో అమెరికా కుస్తీలు చూసే ఇంట్లో ఈ పేరు తెలియని పిల్లవాడు ఉండడు. పొట్టి మనిషి. ముఖమంతా కప్పే ముసుగు. తాళ్ల మీదికెక్కి గాలిలోకి ఎగిరి దూకుతాడు. అతడు పుట్టింది అమెరికాలోనే గాని కుటుంబం మెక్సికోవారిది. కుస్తీ నేర్చుకున్నది సరిహద్దుకు ఆవల టిజువానా పట్టణంలో, తన కుటుంబంలోనే ఉన్న ఒక పెద్ద వస్తాదు దగ్గర.

అతన్ని మేము చూడలేదు. అయితే అటువంటి ముసుగు వస్తాదులు పుట్టి పెరిగే చోటును చూశాము. పిల్లలకు ఆ సంగతి చెబితే సంతోషించారు. పెద్దలకు ఇంతవరకు చెప్పలేదు. పాస్టరు అయినవాడు దైవసేవకుల కూడికకు వెళ్లి, శుక్రవారం రాత్రి కుస్తీ పోటీ చూసి వచ్చాడంటే ఏమనుకుంటారో అని వెనుకాడాము. ఈ పత్రిక చదివి అందరూ ఒకేసారి తెలుసుకుందురు గాక.

అది 2023 సెప్టెంబరు. పది రోజుల కూడిక. మన రాష్ట్రం నుండి మేమూ, ప్రకాశం జిల్లాలో పరిచర్య చేసే ఒక పెద్దాయనా వెళ్లాము. మెక్సికో నగరం సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉంది, అనగా మన ఊటీ అంత. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. భోజనానికి మాత్రం ఇబ్బంది లేదు. మొక్కజొన్న రొట్టెలు, పక్కన పచ్చిమిరపకాయల పచ్చడి. మిరప మొక్కకు పుట్టిల్లు ఆ దేశమేనట, పోర్చుగీసువారి ఓడలలో మన దేశానికి వచ్చిందట. గుంటూరు మిర్చి గురించి గొప్పగా చెప్పబోయిన పెద్దాయన ఆ మాట విని నోరు మూసుకున్నారు.

మాకు ఆతిథ్యమిచ్చిన పాస్టరుగారు మెక్సికో దేశస్థుడే. ఇంగ్లీషు బాగా వచ్చు. శుక్రవారం సాయంకాలం “ఈ రాత్రి మిమ్మల్ని కతీడ్రల్‌కు తీసుకువెళ్తాను” అన్నాడు. పెద్దాయన స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకొని, బైబిలు చంకన పెట్టుకొని కారెక్కారు. కారు దిగితే ఎదురుగా కుస్తీ మందిరం! దాని పేరు అరేనా మెక్సికో. 1956లో తెరిచారు. పదహారు వేలమందికి పైగా పడతారు. ఆ దేశంలో అందరూ దానిని కుస్తీల కతీడ్రల్ అనే పిలుస్తారట. పెద్దాయన మా వంక ఒక చూపు చూశారు. ఆ చూపు మేము మరచిపోము. అయినా వెనుదిరగలేదు. బైబిలు కారులో పెట్టి వచ్చారు.

ఆ పేట పేరు దొక్తోరెస్, అనగా డాక్టర్లు. అక్కడి వీధులకు వైద్యుల పేర్లు పెట్టారు గనుక పేటకు ఆ పేరు వచ్చింది. మందిరం బయట మన తిరునాళ్లే. బండ్లమీద, తాళ్లమీద వందలకొద్దీ ముసుగులు వేలాడుతున్నాయి. వెండివి, బంగారు రంగువి, నీలివి, కొమ్ములున్నవి. తండ్రుల భుజాల మీద కూర్చున్న చంటిపిల్లలకు కూడా ముసుగులు తొడిగారు. లోపల ఒక ముసలమ్మ, మన బామ్మల ఈడుది, మా ముందు వరుసలో కూర్చొని గోదాలోని ఒకతన్ని ఎన్ని మాటలన్నదో! అర్థం కాకపోవడం కూడా ఒక్కోసారి దేవుని కృపే. బీరు గ్లాసులు మోసుకొని తిరిగేవారు మా దగ్గరకు వచ్చినప్పుడల్లా పెద్దాయన కళ్లు మూసుకొనేవారు.

ఆ కుస్తీని లూచా లీబ్రే అంటారు. అందులో రెండు జట్లవారు ఉంటారు. పద్ధతిగా పోరాడేవారిని టెక్నికోలు అంటారు. మోసం, దొంగదెబ్బ, మొరటుతనం చేసేవారిని రూడోలు అంటారు. మూడు పట్లలో రెండు గెలిచినవారిది ఆట. ఎదుటివాని ముసుగు పెరికివేయడం నేరం, అలా చేసినవాడు ఓడినట్టే. అయితే కొన్ని పోటీలలో ముసుగునే పందెం కాస్తారు. ఓడినవాడు అందరి ముందు ముసుగు తీసివేసి తన అసలు పేరు, పుట్టిన ఊరు, ఎన్నేళ్లుగా కుస్తీ చేస్తున్నాడో చెప్పాలి. ఆ తరువాత మళ్లీ ఆ ముసుగు తొడగకూడదు.

“ఇదంతా నిజమా, నాటకమా?” అని మా పిల్లలు అడిగారు. చదువరులు కూడా అడుగుతారు. ఎవరు గెలవాలో ముందే మాట్లాడుకుంటారు, అది దాచవలసిన సంగతి కాదు. కాని ఆరడుగుల ఎత్తునుండి పడే ఒళ్లు నిజముగానే పడుతుంది. 2015 మార్చిలో టిజువానాలో పేరుగల వస్తాదు ఒకతడు, పేర్రో అగ్వాయో అనేవాని కుమారుడు, గోదాలోనే దెబ్బ తగిలి ప్రాణం విడిచాడు. ఆ రాత్రి ఎదుటి పక్షాన ఉన్నవారిలో మా పిల్లలడిగిన రే మిస్టీరియో ఒకడు. అది ప్రమాదమే, ఎవరి తప్పూ కాదు. ఆ సంగతి చెప్పినప్పుడు సండేస్కూలు గది నిశ్శబ్దమయింది.

ఈ ఆటను ఆ దేశంలో నిలబెట్టినవాడు సాల్వదోర్ లుత్తెరోత్ అను నతడు. అమెరికా సరిహద్దు పట్టణంలో కుస్తీలు చూసి ముచ్చటపడి, 1933లో మెక్సికోలో సంస్థ పెట్టాడు. ముసుగు మరుసటి సంవత్సరం వచ్చింది. దానిని కుట్టినవాడు దర్జీ కాదు, చెప్పులు కుట్టే ఆంతోనియో మార్తీనెస్. అందుకే ఇప్పటికీ ముసుగును తల వెనుక బూటు మాదిరిగా లేసుతో బిగిస్తారు. ఈ ఒక్క ముక్క మాకు ఎంత నచ్చిందో చెప్పలేము. మా తాతగారు చెప్పులు కుట్టేవారు. తోలును ఒంటికి సరిపోయేటట్టు కోయడం ఎంత పనో మాకు తెలుసు.

ముసుగు వస్తాదులలో అందరికంటె గొప్పవాడు ఎల్ సాంతో. ఆ పేరుకు పరిశుద్ధుడు అని అర్థం. తులన్‌సింగో పట్టణంలో 1917లో పుట్టాడు, అసలు పేరు రొదోల్ఫో గుస్మాన్ ఊర్తా. 1942లో వెండి రంగు ముసుగు తొడిగి గోదాలో దిగాడు. పేరు పరిశుద్ధుడైనా మొదట్లో మొరటువారి పక్షానే పోరాడాడు! తరువాత మారాడు. యాభైకి పైగా సినిమాలలో నటించాడు. 1984 జనవరిలో టీవీలో ఒకసారి ముసుగును కొంచెం పైకెత్తి ముఖం చూపించాడు. కొద్దిరోజులకే, ఫిబ్రవరి 5న, గుండె ఆగి చనిపోయాడు. ముసుగుతోనే సమాధి చేశారు.

ఇదంతా మా ఆతిథ్యపు పాస్టరుగారు ఆటల మధ్య మా చెవిలో కేకలు వేసి చెప్పాడు. బయటకు వచ్చాక, “రేపు మిమ్మల్ని పిరమిడ్ల దగ్గరకు తీసుకువెళ్తాను. దారిలో ఇంకొక ముసుగు మనిషి కథ చెబుతాను. అది పాస్టర్లకు చెప్పవలసిన కథ” అన్నాడు.

మరునాడు ఉదయం టెస్కోకో మీదుగా ప్రయాణం. మెక్సికో నగరానికి తూర్పున ఉన్న పాత పట్టణం అది. ఒకప్పుడు పెద్ద చెరువు ఒడ్డున ఉండేది. ఆ చెరువు నీటిని కాలువలు తవ్వి బయటకు పంపేశారు. చెరువు అడుగున కట్టుకున్న మెక్సికో నగరం ఇప్పటికీ భూమిలోకి దిగబడుతూనే ఉంది. రోడ్డు పక్క పొలాలు, గోడల మీద రంగు రాతలు, టైరు పంక్చరు దుకాణాలు. మన చిలకలూరిపేట దాటాక కనబడే దారి వంటిదే. ఆ దారిలో ఆయన చెప్పిన కథ ఇది.

ఇదాల్గో రాష్ట్రంలో 1945లో సెర్హియో గుత్తియెర్రెస్ బెనీతెస్ అనే బాలుడు పుట్టాడు. ఇంటినిండా పిల్లలు, చేతిలో డబ్బు లేదు. చిన్నతనంలోనే వీధి గుంపులలో పడ్డాడు, మత్తుమందులకు అలవాటుపడ్డాడు. కొంతకాలానికి మనస్సు విరిగి ఒక గుడికి వెళ్లి, పాపములు ఒప్పుకుంటానని ఫాదరుగారిని అడిగాడు. ఆ ఫాదరుగారు అతని వాలకం చూసి బయటకు గెంటివేశారట. ఈ సంగతి అతడే తరువాత ఎన్నోసార్లు చెప్పుకొన్నాడు. ఆ రోజు వచ్చిన కోపముతో, నేనే ఫాదరునవుతాను, వచ్చినవాణ్ణి గెంటని ఫాదరునవుతాను అనుకొన్నాడట.

ఇక్కడ మా ఆతిథ్యపు పాస్టరుగారు ఆగి, “మీ దగ్గరకు వచ్చినవారిని ఎవరినైనా గెంటారా?” అని అడిగాడు. పెద్దాయన కిటికీలోంచి చూస్తున్నారు. మాకు ఒక క్రిస్మస్ రాత్రి తాగి మందిరంలోకి వచ్చిన కుర్రవాడు జ్ఞాపకం వచ్చాడు. వాణ్ణి చేయి పట్టుకొని గేటు బయట దింపినది మేమే.

సెర్హియో సన్యాసుల మఠంలో చేరి చదువుకొని, 1973లో ఆర్.సి.యం. గురువుగా అభిషేకం పొందాడు. వీధి పిల్లలు అతనికి అంటుకున్నారు. ఒకరిద్దరితో మొదలై సంఖ్య పెరిగింది. టెస్కోకో ప్రాంతంలో వారికొక ఇల్లు ఏర్పాటు చేశాడు. ఇల్లు పెట్టడం తేలిక. మూడు పూటలా పెట్టడం కష్టం. పై అధికారుల దగ్గర డబ్బు లేదు. అప్పుడు అతనికి పూర్వం చూసిన సినిమా గుర్తుకొచ్చింది. 1960లలో వచ్చిన ఆ సినిమాలో పేద ఫాదరు ఒకడు రాత్రిపూట ముసుగు తొడిగి కుస్తీ చేసి అనాథ పిల్లలను పోషిస్తాడు. వస్తాదులు లక్షలు సంపాదిస్తారు గదా, మనమూ చేద్దాం అనుకొన్నాడు.

సినిమా చూసి అప్పు తీర్చుకోవాలనుకునేవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. తేడా ఏమిటంటే ఇతడు నిజముగా వెళ్లి కుస్తీ నేర్చుకొన్నాడు. ముప్పై ఏళ్ల వయస్సులో, గురువుల అంగీ విడిచి, కుర్రవాళ్లతో కలిసి గోదాలో పడి లేచాడు. పసుపు, ఎరుపు రంగుల ముసుగు కుట్టించుకొన్నాడు. పేరు ఫ్రాయ్ తోర్మెంతా అని పెట్టుకొన్నాడు. ఫ్రాయ్ అనగా మఠంలోని సహోదరుడు, తోర్మెంతా అనగా తుఫాను.

పోటీ అయ్యాక చేతిలో పెట్టిన డబ్బు చూసి అతనికి నోట మాట రాలేదు. లక్షలు కాదు, వేలూ కాదు. సినిమాలో ఆ సంగతి చెప్పలేదు. ఊరి జాతరల్లో, చిన్న మందిరాల్లో కుస్తీ చేసేవారికి దక్కేది చాలా కొద్ది. అప్పుడు మానివేసి ఉండవచ్చు. ఒక్క పోటీతో నెల గడవదు గనుక ఎన్నో పోటీలు చేయవలసి వచ్చిందని లెక్క వేసుకొన్నాడు. అలా ఇరవై ఏళ్లకు పైగా చేశాడు. పగలు పూజ, పిల్లల అన్నం, రాత్రి బస్సెక్కి ఇంకో ఊరిలో తన్నులు తినడం.

మొదట ఎవరికీ తెలియదు. గురువు కుస్తీ చేస్తున్నాడని తెలిస్తే మేత్రాసనంలో ఊరుకోరు, తోటి వస్తాదులు కూడా గట్టిగా కొట్టడానికి జంకుతారు. ఒకరోజు ఉరకాన్ రమీరెస్ అనే పేరుగల వస్తాదు ఒక పూజలో కూర్చొని, బలిపీఠం దగ్గరున్న ఫాదరుగారిని గుర్తుపట్టాడు. మాట బయటకు పొక్కింది. సభలో పెద్దలకు ఇది రుచించలేదు. జనానికి మాత్రం రుచించింది. ఫాదరుగారు కుస్తీ చేస్తున్నారట, పిల్లల కోసమట అని విని టిక్కెట్లు కొనుక్కొని వచ్చారు. దాచుకోవడానికి తొడిగిన ముసుగే ఆయనకు గుర్తయింది. తరువాత పూజ చేసేటప్పుడు కూడా అంగీ మీద ఆ ముసుగు తొడిగేవాడు. ఆ ఫొటోలు మేము చూశాము. ప్రొటెస్టెంటు కంటికి అది వింతే. ఆర్.సి.యం. వారి కంటికి మాత్రం తక్కువ వింతా!

ఆ ఇంట్లో రెండు వేలమందికి పైగా పిల్లలు పెరిగారని చెబుతారు. వారిలో ఒకడు తాను కూడా ముసుగు తొడిగి, ఫ్రాయ్ తోర్మెంతా జూనియర్ అని పేరు పెట్టుకొని గోదాలోకి దిగాడు. ఆయన జీవితాన్ని బట్టి 1991లో ఫ్రెంచివారు ఒక సినిమా, 2006లో అమెరికావారు ‘నాచో లీబ్రే’ అనే హాస్య సినిమా తీశారు. మా ఆతిథ్యపు పాస్టరుగారికి ఆ రెండోది నచ్చలేదు. “నవ్వించారు. బియ్యం సంగతి చెప్పలేదు” అన్నాడు. వాళ్ల దేశంలో బియ్యం కాదు మొక్కజొన్న, చిక్కుళ్లు. మాకు తెలియాలని బియ్యం అన్నాడు.

మా ఆతిథ్యపు పాస్టరుగారు మనవాడే, ప్రొటెస్టెంటు. ఆ దేశంలో కొన్ని గ్రామాలలో ఆర్.సి.యం. వారికీ మనవారికీ పడక, మనవారిని ఊళ్లోంచి వెళ్లగొట్టిన సందర్భాలు ఉన్నాయి. ఆయన బంధువులకూ ఆ అనుభవం ఉంది. అటువంటివాడు ఒక ఫాదరు గురించి ఇంత ప్రేమగా చెప్పడం చూసి పెద్దాయన “బ్రదరుగారూ, మీకు వాళ్లమీద కోపం లేదా?” అని అడిగారు. “ఉంది. ఈయన మీద లేదు” అన్నాడు ఆయన.

ఇక మా సంగతి. రాయాలా వద్దా అని ఆలోచించాము. కాని కుస్తీ చూసిన సంగతే చెప్పినప్పుడు ఇది దాచడం ఎందుకు?

2006లో మేము మా మందిరం ఆవరణలో ఇరవై ఎనిమిదిమంది పిల్లలతో చిన్న హాస్టలు మొదలుపెట్టాము. తల్లిదండ్రులు లేనివారు కొందరు, ఇటుక బట్టీలకు వలసపోయిన కూలీల పిల్లలు కొందరు. విదేశంలోని కొందరు విశ్వాసులు నెలనెలా పంపేవారు. 2012లో ఇక పంపలేమని ఉత్తరం వచ్చింది. వారికి వారి ఇబ్బందులు, మేము నిందించము. మేము నాలుగు ఊళ్లు తిరిగి చందా అడిగాము. ఒక నెల గడిచింది. రెండో నెల అప్పు చేశాము. మూడో నెల వేసవి సెలవులొచ్చాయి. పిల్లలను ఎవరి ఊరికి వారిని పంపించాము. చిన్నవాడొకడు రేకు పెట్టె నెత్తిన పెట్టుకొని “అయ్యగారూ, మళ్లీ ఎప్పుడు రమ్మంటారు?” అన్నాడు. “బడులు తెరవగానే కబురు పెడతాము” అన్నాము. కబురు పెట్టలేదు. పెట్టబోమని అప్పుడే తెలుసు.

దేవుడు ఆ తలుపు మూసివేశాడని సంఘంలో చెప్పాము. పదకొండేళ్లుగా అదే చెబుతున్నాము. టెస్కోకో దారిలో ఆ కారులో కూర్చున్నప్పుడు, మూసినది ఎవరో అని మొదటిసారి అనుమానం వచ్చింది. మేము కూలికి వెళ్లలేదు. ట్యూషన్లు చెప్పలేదు. పాస్టరుగారు కూలికి వెళ్తే ఏమనుకుంటారో అని సిగ్గుపడ్డాము. తన్నులు తినవలసిన పని ఎవరూ మమ్మల్ని అడగలేదు, వరినాట్లకు వెళ్తే చాలును.

పిరమిడ్లు చూశాము. సూర్యుని పిరమిడ్ అరవై మీటర్లకు పైగా ఎత్తు. దాని గురించి రాయడానికి చాలా ఉందని తెలుసు గాని ఆ రోజు మా కళ్లకు ఆనలేదు. ఫ్రాయ్ తోర్మెంతాగారి పిల్లల ఇంటికి తీసుకువెళ్లమని అడగాలనుకొన్నాము. నోరు రాలేదు.

తిరుగు ప్రయాణం ముందు అరేనా దగ్గరకు మళ్లీ వెళ్లి ఒక ముసుగు కొన్నాము. పసుపు, ఎరుపు. పిల్లల సైజు. అమ్మే ఆమె నూరు పెసోలు చెప్పింది, బేరం చేయలేదు.

ఇంటికొచ్చాక పెట్టె విప్పుతుంటే మా ఇంటావిడ దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. కథంతా చెప్పాము. విన్నది. వెనుక లేసు ఎలా కట్టారో చూసింది.

“ఇది ఎంతండీ?”

“మన డబ్బులో నాలుగువందల డెబ్బై, ఎనభై.”

ఆమె కాసేపు ఏమీ అనలేదు. హాస్టలు నడిచినన్నాళ్లూ వంట చేసింది ఆమే.

“పది కేజీల బియ్యం,” అన్నది. “ఇరవై ఎనిమిదిమందికి ఒక రోజు.”